మూత పడని పెట్టె, ఆకుపచ్చ చీర

"మీకు నచ్చదత్తమ్మా, అదంతా సావుల గొడవ" అంది మా కోడలు. ఆ మాట అనకపోయి ఉంటే నేను ఆ సీరియల్ జోలికే వెళ్ళేదాన్ని కాదు.

నాకేది నచ్చుతుందో, ఏది నచ్చదో ఈ ఇంట్లో నన్ను తప్ప అందరినీ అడిగి తెలుసుకుంటారు. బరంపురం హల్దియాపదర్‌లో ఈ ఇల్లు కట్టినప్పుడు వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలో మేస్త్రీని అడిగారు, నన్ను అడగలేదు. నిరుడు గోడకి కొత్త టీవీ బిగించినప్పుడూ అంతే. సోఫాలో జారగిలపడేవాళ్ళ కళ్ళకి సరిపోయేలా పెట్టారు. నేను కూర్చునేది చెక్క కుర్చీలో. బిగించిన రోజే చెప్పాను, తర్వాతా చెప్పాను. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన భోంచేసి పడుకున్నాక, కోడలు మేడ మీద బట్టలు ఆరేస్తుంటే, ఆ సీరియల్ నేనే పెట్టుకున్నాను. నాకు రిమోట్ నొక్కడం రాదని వీళ్ళ నమ్మకం. వాళ్ళు ఎలా నొక్కుతారో వెనక కూర్చుని చూస్తూనే ఉన్నాను కదా.

దాని పేరు చెప్పను. చెబితే వాళ్ళకి ఊరికే ప్రచారం చేసి పెట్టినట్టవుతుంది. ఏదో చలిదేశం కథ. తెలుగు మాటలు అతికించి వదిలారు. మంచు పడుతున్న వీధిలో పొడుగు కోటు వేసుకున్న దొర మన పాత సినిమాల్లో ప్లీడరులా మాట్లాడతాడు. వాళ్ళది శవపేటికలు చేసి అమ్మే కుటుంబం. ముసలాయన ఒకరోజు పనిలో ఉండగానే, చిత్రిక పట్టే బల్ల మీద తల వాల్చి పోతాడు. ఇద్దరు కొడుకులు దుకాణం చూసుకుంటారు. పెద్దది కూతురు, వేరే ఊరు ఇచ్చారు.

తండ్రి పోయాడని తెలియగానే కొడుకులు ఏడవరు. ఏ పెట్టెలో పెట్టాలా అని ఆలోచిస్తారు. మంచి పెట్టె ఒకటి సిద్ధంగా ఉంది, కానీ దాన్ని ఊళ్ళో ఒక పెద్దమనిషి తన కోసం ముందే చెప్పి ఉంచుకున్నాడు. ఆ పెద్దమనిషి ఇంకా బతికే ఉన్నాడు. అయినా మాట తప్పితే వ్యాపారం పోతుందని అది ముట్టుకోరు. మిగిలింది, ఎవరో కొని తిరిగి ఇచ్చేసిన పెట్టె. చెమ్మకి మూత వంకర తిరిగింది. తండ్రిని అందులో పెడతారు. మూత పడదు. చిన్నవాడు మూత మీద కూర్చుంటాడు. అయినా పడదు. అంతలో పాదిరీ వస్తాడు. అన్నదమ్ములిద్దరూ గతిలేక ఆ పెట్టె మీదే బల్ల మీద కూర్చున్నట్టు కూర్చుని, ఆయన్ని టీ తాగుతారా అని అడుగుతారు.

నాకు నవ్వొచ్చింది. గట్టిగానే వచ్చింది. కోడలు మెట్ల మీంచి తొంగిచూసి "ఏటత్తమ్మా" అంది. దగ్గొచ్చిందని చెప్పాను.

నవ్వినందుకు నాకు ఎంత కోపం వచ్చిందంటే, టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళి ఒక చెంబుడు నీళ్ళు తాగాను. కన్నతండ్రి శవం ఇంట్లో ఉంటే, దాని మీద కొడుకుల్ని కూర్చోబెట్టి జనాన్ని నవ్విస్తారా? తీసినవాళ్ళకి తల్లీతండ్రీ లేరా? ఇలా తిట్టుకుంటూ ఉండగా, చెంబు చేతిలోనే ఉంది, నాకు తట్టింది. ఆ పెట్టె నేను ఇదివరకు చూశాను. అప్పుడది పెట్టె కాదు, చీర.

మాది బట్టల వ్యాపారం. గేట్ బజార్‌లో మా పుట్టింటివాళ్ళ కొట్టు మా తాతగారి నాటిది. ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటాడు. బరంపురం పట్టు కావాలంటే ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళివారంతా మా కొట్టుకే వచ్చేవారు. తమ్ముడికి సరుకు తెలుసు. కళ్ళు మూసుకుని కొంగు వేళ్ళ మధ్య నలిపి, ఏ నేత ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పగలడు. అందుకే నా బాధ. తెలియనివాడు చేస్తే వదిలేద్దును.

మా వాళ్ళలో ఆడది పోతే ఆఖరుసారి కట్టే చీర పుట్టింటి నుంచి రావాలి. అత్తింటివాళ్ళు ఎంత ఉన్నవాళ్ళయినా ఆ ఒక్క చీర వాళ్ళది పనికిరాదు. అన్నదమ్ములు తేవాలి, వాళ్ళు లేకపోతే వాళ్ళ పిల్లలు తేవాలి. ముత్తైదువగా పోతే పసుపూ కుంకుమా కూడా వాళ్ళే తెస్తారు. వాళ్ళు వచ్చేదాకా శవాన్ని లేపరు.

మా అమ్మ పసుపు కుంకుమలతోనే పోయింది. అమ్మ పుట్టిల్లు చికిటి. అక్కడ మా మేనమామ ధాన్యం వ్యాపారం చేసేవాడు. ఆరోజు వాన. పొద్దున కబురు పెడితే మధ్యాహ్నమైనా రాలేదు. కల్లంలో ధాన్యం తడిసిపోతోందని, అది గోదాములోకి చేర్చి వస్తానని అన్నాడు. తోడబుట్టినదానికంటే ధాన్యం ఎక్కువైంది. ఇక పంతులుగారు పొద్దు గుంకేలోపు కానివ్వాలని తొందరపెట్టాడు. మళ్ళీ ఫోన్ చేస్తే మా మామయ్య ఒక ఉపాయం చెప్పాడు. అందరికీ వినపడేలా పెట్టిన ఫోన్‌లోంచి ఆ మాట నా చెవులారా విన్నాను.

"మీది బట్టల కొట్టే కదరా. అందులోది ఒకటి తీసీండి. నాను పెట్టినట్టే."

చావింట్లో ఒక్కరూ కాదనలేదు. కాదనకపోగా, మంచి ఆలోచనే అన్నట్టు తలలూపారు. చావు కబురుకి మూసిన కొట్టు షట్టరు సగం ఎత్తి, మా గుమాస్తా లోపలికి దూరి ఒక చీర తెచ్చాడు. ఎన్నేళ్ళ అలవాటో పాపం, అమ్మ తలాపున కూర్చున్న ఆడవాళ్ళ ముందు దాన్ని మడత విప్పి, కొంగు జాడించి చూపించి, రంగు దిగదమ్మా అన్నాడు.

అది ముదురాకుపచ్చ చీర. ఆవపిండి రంగు అంచు. నాకు తెలిసిన చీరే. అంతకు ముందు దసరాలకి నేను కొట్టుకి వెళ్ళి చీరలు చూస్తుంటే, అది చేతికి తగిలితే, మా తమ్ముడే లాగి పక్కన పడేశాడు. "అదొద్దప్పా, నిలవ సరుకు" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. ఎవరూ కొనక బీరువా అడుగున పడి ఉన్న ఆ చీర మా అమ్మకి పుట్టింటి చీరైంది. కొడుకు కొట్లో నిలవ సరుకుకి చికిటి పుట్టిల్లు ఎలా అవుతుంది? ఇది పుట్టింటి చీర కాదు అని అక్కడే అన్నాను. ఇప్పుడు పేచీలేటమ్మా అని మా పెద్దమ్మ నా భుజం నొక్కింది. మా నాన్న కుర్చీలో కూర్చుని, షట్టరు మళ్ళీ దించారా లేదా అని అడిగాడు. తమ్ముడు తలెత్తి చూడనైనా లేదు. గుమాస్తా చేతిలోంచి చీర అందుకుని అమ్మ మీద కప్పేశాడు.

అప్పటి నుంచి మా ఇద్దరికీ అవసరానికే మాటలు. తర్వాత వాడు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచి, ఇంటి ఆడపడుచుని రెండో బంతిలో కూర్చోబెట్టాడు. మొదటి బంతిలో పట్టు సంఘం పెద్దలు కూర్చున్నారు. అదీ మర్చిపోలేదు.

సీరియల్ మిగతా భాగాలన్నీ వరసగా మధ్యాహ్నాలు చూశాను. నచ్చి కాదు. అన్యాయం ఎంతదూరం పోతుందో చూద్దామని. ఆ కూతురు రైల్లో వస్తుంది. రాగానే పెట్టె చూసి, నాన్నకి ఈ మూత పడని పెట్టె ఏమిటి అని అడుగుతుంది. అందరూ ఉష్షుమంటారు. తర్వాత వకీలు దగ్గర అడుగుతుంది. భోజనాల దగ్గర అడుగుతుంది. సమాధి దగ్గర అడుగుతుంది. ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది? మొత్తం కథలో బుద్ధున్న మనిషి ఆవిడొక్కతే. కానీ ఆవిడ నోరు తెరిస్తే చాలు, వెనకాల బాకా ఊదుతారు. జనం నవ్వాలని. తమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని కళ్ళెగరేస్తారు, అది దగ్గరగా చూపిస్తారు. న్యాయం అడిగే మనిషికి బాకా ఎందుకు? వంకర పెట్టె అంటగట్టిన వెధవలకి ఊదొచ్చు కదా. ఆఖరి భాగంలోనైనా తమ్ముళ్ళ చేత ఒక మాట అనిపిస్తారని ఎదురుచూశాను. ఏమీ అనరు. ఆవిడే విసిగి, వాళ్ళతో కలిసి నవ్వేస్తుంది. కథ అయిపోయింది. అంతమంది కూర్చుని, అన్ని డబ్బులు పోసి తీసి, చివరికి ఆవిడని లొంగదీశారు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

అన్నం సయించకపోవడానికి సీరియల్ ఒకటే కారణం కాదని తేలింది. పిత్తాశయంలో రాళ్ళున్నాయి, తీసెయ్యాలి అన్నాడు డాక్టరు. చిన్న ఆపరేషనే అని అందరూ చెప్పారు. చిన్నదైనా మత్తు ఇస్తారు. నా వయసుకి మత్తు దిగుతుందో లేదో ఎవరు చూశారు? బల్ల ఎక్కే ముందు నేను తేల్చుకోవలసింది ఒకటుంది. నాకున్న పుట్టిల్లు ఆ తమ్ముడొక్కడే. నేను పోతే చీర తేవలసినవాడు వాడు. నా మీద కూడా ఏ నిలవ సరుకో కప్పి పంపిస్తాడు. అప్పుడు అడగడానికి నేను ఉండను. అడిగే కూతురు కూడా నాకు లేదు.

ఆపరేషన్ సంగతి విని వాడు స్వీట్ల పెట్టె పట్టుకుని వచ్చాడు. తీపీ నూనే తినకూడదన్న మనిషికి స్వీట్లు. పక్కన పెట్టించి, వాణ్ణి సోఫాలో కూర్చోబెట్టి, ఆ మొదటి భాగం పెట్టాను. మాట్లాడకుండా సూడు అన్నాను. ఆ పెట్టె చూస్తే వాడి మొహం మాడిపోతుందని అనుకున్నాను. వాడు మూత మీద చిన్నవాడు కూర్చున్న దగ్గర మొదలుపెట్టి, పాదిరీకి టీ ఇచ్చేదాకా కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకోటి పెట్టమన్నాడు. కూతురు రైలు దిగి పెట్టె గురించి అడిగే దగ్గర నావైపు తిరిగాడు.

"ఈ అప్ప అచ్చం నువ్వేనే."

టీవీ కట్టేశాను. మా కోడలు టీ కప్పులతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాను ఆవిణ్ణే. మరి నువ్వు ఎవుడివో సూసుకున్నావా" అన్నాను.

వాడికి అప్పుడు అర్థమైంది. నవ్వు పోయింది. "మావయ్య సెప్పాడు కదప్పా. నాను సొంతంగా సేసిందేటి ఉంది అందులో" అన్నాడు.

"మావయ్య సీర తియ్యమన్నాడు. నిలవ సరుకు తియ్యమన్నాడా?"

"నిలవ సరుకని నీకెవురు సెప్పారు?"

దసరాల సంగతి చెప్పాను. ఏ బీరువా దగ్గర నిలబడి ఏమన్నాడో, అప్పుడు ఒంటి మీద ఏ చొక్కా ఉందో కూడా చెప్పాను. వాడు టీ ముట్టుకోలేదు. అప్పుడే నా షరతు చెప్పేశాను. నేను పోతే మీ కొట్లో చీర నా మీద పడకూడదు. ఎదురు కొట్లోది కొనాలి. నేను బతికి ఉండగా, నా కళ్ళ ముందు కొనాలి.

ఇది ఎంత మాటో గేట్ బజార్‌లో వాళ్ళకే తెలుస్తుంది. మా కొట్టుకి ఎదురుగా ఉన్న ఒడియా వ్యాపారి పట్టు కొట్టుకీ మా కొట్టుకీ తండ్రుల కాలం నుంచి పోటీ. సందు అంత ఇరుకైనా ఇటువాళ్ళు అటు గుమ్మం తొక్కరు. అటు వెళ్ళే బేరాన్ని మావాళ్ళు పిలుస్తారు, ఇటు వచ్చేదాన్ని వాళ్ళు పిలుస్తారు. బట్టల కొట్టువాడు ఎదురు కొట్లో చీర కొనడమంటే తన సరుకు పనికిరాదని బజారులో చాటించుకోవడమే.

"పోరు పెట్టకప్పా. ఆడి కొట్లో నానడుగెట్టను" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో చేరే ముందు రోజు నేనే ఆటో ఎక్కి గేట్ బజార్ వెళ్ళాను. కోడలు తోడు వస్తానంది, వద్దన్నాను. బస్తాల బళ్ళు అడ్డం ఉంటే ఆటో సందు మొదట్లోనే దింపేసింది. కడుపు పట్టుకుని నడిచి, మా కొట్లో తెల్ల పరుపు మీద, బేరం చేసేవాళ్ళు కూర్చునే చోట కూర్చున్నాను. పెళ్ళివారెవరో చీరలు చూస్తున్నారు. వాడు వాళ్ళకి చూపిస్తూనే, ఇంటికి ఎల్లప్పా, ఒంట్లో బాగోని మనిషివి అన్నాడు. నేను చీర కోసం వచ్చాను, చూసుకునే వెళ్తాను అన్నాను. మెల్లగానే అన్నాను. ఏ చీరమ్మా, ఏం పనికి అని పెళ్ళివారిలో ముసలావిడ ఆరా తీసింది. ఉన్నమాట చెప్పేశాను. ఆవిడ చేతిలో ఉన్న ఎర్రచీర పరుపు మీద పెట్టేసింది. పెళ్ళి బేరం ముందు చావు చీర మాటెత్తితే ఏ కొట్టువాడైనా ఏమైపోతాడు? వాళ్ళు మళ్ళీ వస్తామని లేచారు. తమ్ముడు నావైపు ఒక చూపు చూసి, చెప్పులేసుకుని, సందు దాటాడు.

గుమ్మం దగ్గరికి జరిగి కూర్చుని అంతా చూశాను. ఎదురు కొట్టు ఆయన ముందు కంగారుపడ్డాడు, ధరలు తెలుసుకోవడానికి వచ్చాడేమోనని. తర్వాత మొహం విప్పారి, ఆసొంతు, బొసొంతు అని ఒడియాలో రమ్మని, కూర్చోమని అంటూ తనే పరుపు దులిపి కూర్చోబెట్టాడు. పక్క కొట్లవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నాకు వాడు సిగ్గుతో మొదటి చీరే పట్టుకుని పరిగెత్తుకొస్తాడనిపించింది. అలా తెస్తే తిప్పి పంపిద్దామని సిద్ధంగా ఉన్నాను.

వాడు రాలేదు. ఒకటి చూసి పక్కన పెట్టాడు. ఇంకోటి కొంగు నలిపి, వెలుతురుకి ఎత్తి చూసి, అదీ పక్కన పెట్టాడు. ఎదురు కొట్టు ఆయన పైఅరలోవి దింపించాడు. మా కొట్లో ఫోన్ మోగుతుంటే గుమాస్తా గుమ్మంలోంచి పిలిచాడు. చెయ్యి ఊపాడే కానీ లేవలేదు. చివరికి అరటిపువ్వు రంగు పట్టు ఒకటి ఒడిలో పెట్టుకుని, అంచు ఈ కొస నుంచి ఆ కొసదాకా వేలితో తడుముతూ కూర్చుండిపోయాడు.

తిరిగి వచ్చేసరికి వాడి మొహం ఎర్రగా ఉంది. ఎవరికని ఆయన అడిగితే అప్పకని చెప్పాడట. దేనికని చెప్పలేకపోయాడట. నూరేళ్ళు కట్టుకోవాలని ఆయన దీవించి, జాకెట్టు గుడ్డ కూడా పెట్టాడట. చీర నా ఒళ్ళో పెట్టాడు. నేను కొంగు చూస్తుంటే, నాకు వినపడేలా మాత్రమే అన్నాడు.

"అమ్మది నానెంచలేదప్పా. కొట్టుకి బయలెల్లాను. షట్టరు దగ్గరదాకా ఎల్లీ లోపలికి ఎల్లనేకపోనాను. అమ్మకి ఏ సీర తియ్యాలో నాకు సేతకానేదు. ఏదో ఒకటి పట్రా అని గుమాస్తాకి సెప్పీసి ఎనక్కి వచ్చీసాను. ఆడేం తెచ్చాడో సూడకుండా కప్పీసాను."

ఇంతమందికి చీరలు ఎంచిపెట్టేవాడు. నేను చీర మడత పెట్టాను.

"ఈ మాట అప్పుడే సెప్పడానికి ఏటి అడ్డొచ్చింది? ఇన్నేళ్ళు నా సేత మోయించావు" అన్నాను.

నిలవ సరుకు కప్పడం ఒక తప్పు. ఆ సంగతి తెలిసీ నాతో చెప్పకుండా, నన్ను పేచీకోరుని చేసి, రెండో బంతిలో కూర్చోబెట్టడం రెండో తప్పు. మొదటిది ఆరోజుతో వదిలేశాను. చీర ఎంచలేనంతగా అమ్మ కోసం లోలోపల ఏడ్చినవాడు అక్కడ వాడొక్కడేనని ఇప్పుడు తెలిసింది కనుక వదిలేశాను. రెండోది వదిలెయ్యను.

చీర మాత్రం నేను తెచ్చుకోలేదు. నా బీరువాలో ఉంటే అది పుట్టింటి చీర ఎలా అవుతుంది? నీ ఇంట్లో ఉంచు, కొట్లో ఉంచకు, అమ్మీగలవు అని చెప్పి ఆటో ఎక్కాను. ఆపరేషన్ అయింది. మత్తు దిగింది. డాక్టరు రాళ్ళు సీసాలో వేసి చూపించాడు. మా ఇంట్లోవాళ్ళు, అంతా చిన్న విషయమని ముందే చెప్పాం కదా అన్నారు.

మొన్న కుట్లు మానాక తమ్ముడింటికి వెళ్ళాను. చీర చూపించమన్నాను. మరదలు బీరువా తీసింది. వేపాకు వేసి, పాత పంచెలో చుట్టి, పై అరలో పెట్టారు. విప్పి చూస్తే కొన్ననాటి మడత అలాగే ఉంది. పట్టు చీరకి మడత మార్చకుండా అలా పడేస్తే గీత దగ్గర చిరుగుతుందని కొట్టువాడికి నేను చెప్పాలా? చెప్పాను. నా కళ్ళ ముందే మడత మార్పించి, మంచినీళ్ళు తాగి వచ్చాను.